పోర్ట్రెయిట్‌కు రింగ్ ఫ్లాష్: ఒంటరిగా కన్నా తోడు లైటుగా వాడితేనే దాని సత్తా తెలుస్తుంది

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. పళ్ల డాక్టరు ఒకరికి ఫొటోలు తీసిపెట్టడానికి కొన్న మాక్రో రింగ్ ఫ్లాష్ (బాగా దగ్గరి ఫొటోల కోసం లెన్సు చుట్టూ ఉంగరంలా తగిలించే ఫ్లాష్) మీ దగ్గర ఉంది, గైడ్ నంబరు (ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె) 14. దాన్నే పోర్ట్రెయిట్లకు వాడి చూశారు. ముఖం చదునుగా వస్తోంది, నుదురు జిడ్డుగా మెరుస్తోంది, కళ్లు ఎర్రగా పడుతున్నాయి. పెద్ద రింగ్ ఫ్లాష్ కొంటే ఈ మూడూ పోతాయా, స్టూడియోకూ పెళ్లిళ్లకూ అదొక్కటే సరిపోతుందా అని అడిగారు.

ఎర్ర కళ్లు చాలావరకు పోతాయి. చదునుదనం, మెరుపు మాత్రం ఎంత ఖరీదైనది కొన్నా పోవు. అవి మీ ఫ్లాష్‌లోని లోపాలు కావు, లెన్సు చుట్టూ నుంచి వచ్చే కాంతికి ఉన్న స్వభావం. అందుకని నా సలహా ఇది: రింగ్ ఫ్లాష్‌ను ఒక్కటే లైటుగా వాడకండి. పక్కనుంచి వచ్చే మెయిన్ లైటుకు తోడుగా, దానికన్నా ఒకటిన్నర, రెండు స్టాపులు తక్కువలో పెట్టి వాడండి (ఒక స్టాపు తగ్గితే కాంతి సగమవుతుంది). అలా వాడేటట్లయితే మీ దగ్గరున్న చిన్నదానితోనే మొదలుపెట్టవచ్చు. పెద్దది కొనడం తర్వాత ఆలోచించవచ్చు. పెళ్లిళ్లకు అదొక్కటే సరిపోతుందా అంటే, సరిపోదు.

ఇక కారణాలు. 1952లో లెస్టర్ డైన్ రింగ్ ఫ్లాష్‌ను రూపొందించింది పళ్ల ఫొటోల కోసమే. నోటి లోపలికి పక్కనుంచి లైటు వేస్తే పెదవి నీడ, చెంప నీడ పళ్ల మీద పడతాయి. లెన్సు ఎటు చూస్తే కాంతి కూడా అటే పోవాలన్నది అక్కడి అవసరం. 1962లో నికాన్ లెన్సులోనే రింగ్ ఫ్లాష్‌ను అమర్చి 200 ఎంఎం మెడికల్ నిక్కర్‌ను తెచ్చింది కూడా వైద్యుల కోసమే. అంటే నీడ లేకుండా చేయడానికే ఈ పరికరం పుట్టింది. పోర్ట్రెయిట్‌లో మన అవసరం అందుకు పూర్తిగా వ్యతిరేకం. ముక్కు ఎంత ఎత్తుగా ఉందో, చెంప ఎక్కడ మలుపు తిరుగుతోందో చూసేవారికి చెప్పేది నీడే. ఆ నీడ లేకపోతే ముఖం చదునుగా కనబడక తప్పదు.

మరి ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లు దీన్ని ఎందుకంత ఇష్టపడ్డారు? బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ మార్టిన్ పార్ మాక్రో లెన్సు, రింగ్ ఫ్లాష్ పట్టుకుని మనుషులనూ తిండినీ వస్తువులనూ అంత దగ్గరగా ఎందుకు తీశాడు? ఎందుకంటే ఈ కాంతి ఒకటి తీసేసి మూడు ఇస్తుంది. ఆ మూడింటినీ అర్థం చేసుకుంటే ఎప్పుడు వాడాలో మీకే తెలిసిపోతుంది.

మొదటిది, మనిషి చుట్టూ గోడ మీద పడే నీడ అంచు. రింగులో ఎడమవైపున్న కాంతి నీడను కుడికి నెడుతుంది, పైనున్నది కిందికి నెడుతుంది. అన్నీ కలిసి మనిషి చుట్టూ ఒక నల్లటి గీత గీసినట్టు అవుతుంది. దీని మందం మన చేతిలోనే ఉంటుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రింగ్, మనిషి 1.2 మీటర్ల దూరంలో, గోడ అతనికి 30 సెంటీమీటర్లు వెనక అనుకోండి. అంచు దాదాపు 4 సెంటీమీటర్లు వస్తుంది. గోడ అతనికి 60 సెంటీమీటర్లు వెనక ఉండేలా జరిపితే అది రెట్టింపై, అంచులు మెత్తబడి నీడ పలచనవుతుంది. మీ మాక్రో రింగ్ వ్యాసం అందులో మూడో వంతే కాబట్టి నీడ కూడా సన్నటి గీతలాగే వస్తుంది. చాలామందికి అది నచ్చదు, ఏదో తప్పు జరిగినట్టు కనిపిస్తుంది. గోడ దూరమయ్యేకొద్దీ దాని వెలుగు కూడా తగ్గుతుందని మరవకండి. మీకూ మనిషికీ మధ్య 1.2 మీటర్లు, మనిషికీ గోడకూ మధ్య మరో 1.2 మీటర్లు ఉంటే గోడ మీద పడేది నాలుగో వంతు కాంతే, అంటే రెండు స్టాపులు తక్కువ. తెల్లటి గోడ బూడిద రంగులోకి మారిపోతుంది.

రెండోది, ముఖం అంచుల దగ్గర చీకటి. ఎదురుగా ఉన్న ముక్కు, నుదురు, బుగ్గలకు కాంతి నేరుగా తగులుతుంది. దవడ అంచు, కణతలు పక్కకు తిరిగి ఉంటాయి కాబట్టి అక్కడ కాంతి ఏటవాలుగా జారిపోతుంది. దాంతో ముఖం చుట్టూ పెన్సిలుతో షేడ్ చేసినట్టు ఒక ముదురు అంచు వస్తుంది. గుండ్రటి ముఖాలు ఇందువల్ల కాస్త సన్నబడి కనిపిస్తాయి. ఎత్తైన చెంప ఎముకలు ఉన్నవారికి ఇది అద్భుతంగా కుదురుతుంది.

మూడోది, కంట్లో ఉంగరం. మన దగ్గర ఎక్కువమందివి ముదురు గోధుమరంగు కళ్లు. వాటి మీద తెల్లటి వలయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దగ్గరి క్లోజప్‌లో అది కళ్లకు గొప్ప జీవం ఇస్తుంది. కానీ అందరి ఫొటోల్లోనూ అదే వలయం కనబడితే మీ పనంతా ఒకే మూసలో పోసినట్టు అయిపోతుంది. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. కంట్లో కనిపించే వెలుగు కిటికీదో, సాఫ్ట్‌బాక్స్‌దో (లైటు ముందు తగిలించి కాంతిని మెత్తబరిచే గుడ్డపెట్టె) అయితే చూసేవారు ముందు మనిషిని చూస్తారు. ఉంగరమైతే ముందు ఫొటోగ్రాఫర్ పరికరాన్ని చూస్తారు.

ఇప్పుడు మీ సమస్యలు ఒక్కొక్కటిగా.

ఎర్ర కళ్లు వచ్చేది కాంతి కంటిపాపలోంచి లోపలికి వెళ్లి, వెనక ఉన్న రక్తనాళాల పొరను తాకి తిరిగి నేరుగా లెన్సులోకి వచ్చినప్పుడు. లైటుకూ లెన్సుకూ మధ్య కోణం ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. మీ చిన్న రింగు 1.5 మీటర్ల దూరం నుంచి చేసే కోణం సుమారు రెండు డిగ్రీలు. 30 సెంటీమీటర్ల రింగు అదే దూరంలో ఆరు డిగ్రీల దాకా చేస్తుంది. అందుకే పెద్దదానితో ఈ బాధ తగ్గుతుంది. కానీ అదే పెద్ద రింగుతో నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్లి 200 ఎంఎం లెన్సుతో తీస్తే మళ్లీ ఎర్ర కళ్లు ప్రత్యక్షమవుతాయి. గదిలో లైట్లు ఆర్పకండి. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, వెలుతురులో కుంచించుకుపోతుంది. మనిషి ముఖం మీద పడేలా ఒక ఎల్ఈడీ బల్బు వెలిగించి ఉంచితే చాలు, తేడా మీకే కనిపిస్తుంది. ఫ్లాష్ వెలుగు ముందు ఎఫ్/8 (లెన్సు రంధ్రం ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె), ఐఎస్ఓ 100 (కెమెరా కాంతిని పట్టే సున్నితత్వం) దగ్గర ఆ బల్బు వెలుగు ఫొటోలో దాదాపు రాదు.

మెరుపు సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోస్తా వేసవిలో మన పనంతా దీంతోనే. ఎదురు కాంతి ముడతలను, మొటిమల గుంటలను పూడ్చేస్తుంది. కానీ చర్మం మీది నూనెను, చెమటను నేరుగా లెన్సులోకి తిప్పి కొడుతుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ తెల్లటి మచ్చలు మరీ ఎక్కువగా తెలుస్తాయి. ముక్కు కొన, నుదుటి మధ్య, పై పెదవి మీద చూడండి. అక్కడ మెరుపు పూర్తిగా తెల్లబడితే ఎడిటింగ్‌లో తిరిగి తేగలిగేదేమీ ఉండదు. ముందు టిష్యూతో తుడవకుండా అద్దండి. తుడిస్తే మేకప్ చెదిరిపోతుంది. తర్వాత పలచగా పౌడరు.

ఆ పౌడరు దగ్గరే ఒక చిక్కు ఉంది. హెచ్‌డీ పేరుతో అమ్మే కొన్ని పౌడర్లలో సిలికా ఉంటుంది. కొన్ని సన్‌స్క్రీన్లలో, ఫౌండేషన్లలో టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉంటాయి. ఇవి మామూలు వెలుతురులో కనబడవు. ఎదురుగా ఫ్లాష్ పడితే ముఖం సున్నం రాసినట్టు తెల్లగా, మెడ మాత్రం మామూలు రంగులో వస్తుంది. కెమెరా పక్కనుంచి వచ్చే కాంతికి ఇది కొంత తక్కువ, రింగ్ ఫ్లాష్‌కు అత్యధికం. మేకప్ పూర్తవగానే ఫోను ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూడండి. ఫోనులో ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి రింగ్ ఫ్లాష్ కింద ఏమవుతుందో అది ముందే చెప్పేస్తుంది. మేకప్ చేసినవారు ఎదురుగా ఉండగానే చూపిస్తే సరిచేయడానికి సమయం ఉంటుంది.

కళ్లజోడు ఉన్నవారికి రింగు మొత్తం అద్దాల్లో కనబడుతుంది. కళ్లజోడు కాడలను చెవుల మీద కొద్దిగా పైకి లేపితే అద్దాలు కిందికి వాలి ప్రతిబింబం తప్పుకుంటుంది. అలా కుదరకపోతే ఆ మనిషికి రింగ్ మానేయండి.

ఇక అసలు పద్ధతికి వద్దాం. సాఫ్ట్‌బాక్స్‌కు తోడుగా మామూలుగా అంబ్రెల్లాతో ఫిల్ లైటు (నీడలను పలచన చేసే తోడు లైటు) పెడతాం కదా. దానికి కూడా సొంత నీడ ఉంటుంది. గడ్డం కింద ఒకటి, ముక్కు పక్కన ఇంకొకటి పడి రెండు నీడలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. రింగ్ నీడ మాత్రం లెన్సు చూపుకు మనిషి వెనకాలే దాక్కుంటుంది. కాబట్టి అది మెయిన్ లైటు నీడలను పలచన చేస్తుందే తప్ప కొత్త నీడను ముఖం మీదికి తీసుకురాదు. మీరు ఎటు జరిగినా అదీ మీతోపాటే జరుగుతుంది. ఇంత శుభ్రమైన ఫిల్ లైటు నాకు ఇంకొకటి తెలియదు.

అమర్చేటప్పుడు ఈ వరుస తప్పకండి. మొదట రింగ్ ఆపేసి మెయిన్ లైటు ఒక్కటే పెట్టి ఎక్స్‌పోజర్ సరిచూసుకోండి. 60×90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ 45 డిగ్రీల పక్కన, కంటికన్నా ఎత్తులో ఉంచి, ఎఫ్/8 వచ్చేలా చూడండి. తర్వాత దాన్ని ఆపేసి రింగ్ ఒక్కటే వెలిగించి, అదే ఎఫ్/8 దగ్గర తీయండి. ముఖం చీకట్లో ఉండాలి, కానీ కళ్లు, ముక్కు, నోరు గుర్తుపట్టేలా ఉండాలి. అది సుమారు రెండు స్టాపులు తక్కువ. లైట్ మీటరు ఉంటే రింగ్ రీడింగ్ ఎఫ్/4 రావాలి. ఇప్పుడు రెండూ కలిపి వెలిగించండి. మీ గైడ్ నంబరు 14 ఫ్లాష్ 1.5 మీటర్ల నుంచి ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/4 ఇవ్వడానికి ఐదో వంతు పవర్ చాలు. అందుకే ముందే చెప్పాను, ఇప్పటికి కొత్తది అక్కరలేదని.

ఎంత తగ్గించాలన్నది మనిషిని బట్టి. గరుకైన మగ ముఖానికి రెండున్నర స్టాపులు తగ్గించినా బాగుంటుంది. పెళ్లికూతురికి, మేకప్ ఫొటోలకు ఒక స్టాపు చాలు. కూచిపూడి కళాకారిణుల ఫొటోలకు నేను ఒకటిన్నర దగ్గర ఉంచుతాను. ఆ ముఖంలో కళ్లదే పెత్తనం. కాటుక రేఖ బయటికి సాగి ఉంటుంది, పాపిటబిళ్ల నుదుటి మీదికి దిగి ఉంటుంది. పక్కలైటు ఒక్కటే ఉంటే దూరపు కన్ను కనుబొమ నీడలో మునిగిపోయి కాటుకా కన్నూ కలిసిపోతాయి. రింగ్ కొద్దిగా పడగానే కాటుక రేఖకూ కంటి తెలుపుకూ మధ్య గీత విడిపోతుంది. చెంప మీది నీడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పవర్ డయల్‌ను ఒక్కో మెట్టు పెంచుతూ వరుసగా నాలుగైదు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ ఆ నీడ కరిగిపోవడం మొదలవుతుందో దానికి ఒక మెట్టు ముందు ఆగాలి.

వయసు మళ్లినవారి విషయంలో జాగ్రత్త. వారి పిల్లలు వచ్చి ముడతలు కనబడకుండా తీయమంటారు. రింగ్ ఆ పని తేలిగ్గా చేస్తుంది కూడా. కానీ నా అనుభవంలో ఆ ఫొటోలు ఇంట్లో గోడకెక్కవు, ఎందుకంటే అందులో ఉన్నది వాళ్ల నాన్న ముఖంలా ఉండదు. కంటి కింది సంచి నీడ పోతుంది, అక్కడి చర్మం నల్లదనం మాత్రం అలాగే మిగిలి మరింత తేలి కనబడుతుంది. రింగ్ తీసేసేది నీడను మాత్రమే, రంగును కాదు. మొటిమలకూ ఇదే సూత్రం. గుంటలు పూడతాయి, ఎరుపు బయటపడుతుంది.

పెళ్లిళ్లకు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మన నగల అందం నగిషీలో ఉంది. కాసులపేరు మీది లక్ష్మీదేవి బొమ్మ, వడ్డాణం మీది హంసలు, ఇవన్నీ ఎత్తుపల్లాల పని. పక్కనుంచి కాంతి పడి ప్రతి గీత పక్కన చిన్న నీడ వస్తేనే ఆ పనితనం కనిపిస్తుంది. ఎదురు ఫ్లాష్ కింద కాసు ఒక పసుపు బిళ్లగా మారిపోతుంది. పట్టుచీర జరీ కూడా అంతే, కుచ్చిళ్ల లోతు పోయి మెరుపు మిగులుతుంది. మండపంలో వెనక గోడ దగ్గరలో ఉండదు కాబట్టి నీడ అంచు రాదు, వెనకంతా నల్లబడుతుంది. షట్టర్‌ను 1/30 దాకా తగ్గించి ఐఎస్ఓ పెంచితే వెనకాల అలంకరణ కొంత నిలబడుతుంది గానీ, అంత చేసి రింగే ఎందుకు? గ్రూపు ఫొటోలకైతే అసలే వద్దు. ముందు వరుస 2 మీటర్లలో, వెనక వరుస 3 మీటర్లలో ఉంటే వెనకవారికి సగంకన్నా తక్కువ కాంతి అందుతుంది. మంగళస్నానాల రోజు పసుపు, నూనె, నీళ్లతో తడిసిన ముఖాల క్లోజప్‌లు, రాత్రి సంగీత్‌లో నాట్యాలు, ఈ రెండు చోట్ల మాత్రం దాని మెరుపే అందం. నేను బ్యాగులో పెట్టుకునేది వాటికోసమే.

బయట మిట్టమధ్యాహ్నం ఎండలో ఇది బాగా పనికొస్తుంది. ఐఎస్ఓ 100, షట్టర్ 1/200 దగ్గర ఎండకు ఎఫ్/11 వస్తుంది. 1.2 మీటర్ల నుంచి మీ చిన్న రింగ్ సగం పవర్‌లో ఎఫ్/8 ఇస్తుంది. కనుబొమల కింది గుంటల్లో నీడ తీరుతుంది, ఎండ ఎండలాగే ఉంటుంది.

పాస్‌పోర్టు ఫొటోలకు వాడతామని రాశారు. అక్కడ తల వెనక నీడ ఉండకూడదు, కళ్లు ఎర్రబడకూడదు, ముఖం మీద మెరుపు ఉండకూడదు. రింగ్ ఒక్కటే ఉంటే ఈ మూడూ వచ్చే అవకాశముంది. మనిషిని గోడకు ఒకటిన్నర మీటర్లు దూరంగా నిలబెట్టి, గోడకు వేరే లైటు వేయండి. రింగ్ అక్కరలేదు.

వీడియోలకు వాడే 18 అంగుళాల ఎల్ఈడీ రింగ్ లైటును ఫ్లాష్‌కు బదులు వాడవచ్చా అన్నారు. కంట్లో వలయం వస్తుంది, ఎర్ర కళ్లు రావు, కాంతి ఎలా పడుతోందో ముందే కనిపిస్తుంది. కానీ దాని వెలుగు ఫ్లాష్‌తో పోలిస్తే చాలా తక్కువ. అపర్చర్‌ను ఎఫ్/2.8కు తెరిచి ఐఎస్ఓ పెంచాల్సి వస్తుంది, ఆ వెలుగును ఎదురుగా చూస్తూ కూర్చున్న మనిషి కళ్లు చికిలిస్తాడు. చవకరకానివి షట్టర్ వేగం పెంచితే ఫొటోలో చారలు తెస్తాయి. నేర్చుకోవడానికి మంచిదే, ఎండతో పోటీకి మాత్రం నిలవదు.

చివరగా, కొనాలనే నిశ్చయించుకుంటే. మామూలు స్పీడ్‌లైట్‌కు (కెమెరా పైన తగిలించే ఫ్లాష్) తగిలించే రింగ్ అడాప్టర్ చవక, తేలిక, కానీ ఒక స్టాపు పైనే కాంతిని మింగేస్తుంది. గోడాక్స్ ఏఆర్400 లాంటి 400 వాట్-సెకండ్ల రింగ్‌కు శక్తి పుష్కలంగా ఉంది గానీ బరువు. చేత్తో పట్టుకుని గంటలు తీయలేరు, బ్రాకెట్, ట్రైపాడ్ కావాలి. ఏది కొన్నా మీ 85 ఎంఎం లెన్సు హుడ్ తీసేసి రింగులో పెట్టి చూడండి. లెన్సు ముందుకు పొడుచుకొస్తే దాని నీడే ఫొటోలో పడుతుంది, మరీ లోపలికి పోతే ఫొటో అంచులు కోసుకుపోతాయి. పాతది కొంటుంటే, అడాప్టర్ కొంటుంటే తప్పనిసరిగా తెల్ల గోడను సూటిగా ఒక ఫొటో తీసి చూడండి. అడాప్టర్లలో ఫ్లాష్ దూరే వైపు ఎక్కువ వెలుగు, ఎదుటి వైపు తక్కువ వెలుగు రావడం మామూలే. పాత రింగుల్లో ట్యూబు నల్లబడినచోట కూడా ఇలాగే అవుతుంది. తేడా స్వల్పమైతే కొనవచ్చు. వాడేటప్పుడు వెలుగు ఎక్కువున్న వైపును పైకి తిప్పుకోండి, అప్పుడు గడ్డం కింద కొద్దిపాటి నీడ నిలుస్తుంది. కిందికి ఉంచితే మాత్రం ముఖానికి కింది నుంచి దీపం పట్టినట్టు వస్తుంది.